ఆపరేషన్‌కు తొందర లేదు, దగ్గుకు ఉంది

మర్రిపాలెం నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీలను కుదించి ఇస్తున్నాం.

ఆమెకు 49 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, రెండూ మామూలు కాన్పులే. మొదటి బిడ్డ మూడున్నర కిలోలు దాటి పుట్టింది. ముట్లు ఆగి 14 నెలలైంది. ఇంట్లోనే దోసెల పిండి రుబ్బి చుట్టుపక్కల అపార్ట్‌మెంట్లకు పోస్తారు, రోజూ బియ్యం, పప్పు కలిపి ఎనిమిది కిలోలు. ఏడాదిగా సాయంత్రమయ్యేసరికి కింద ఏదో వేలాడుతున్నంత బరువు. స్నానం చేస్తుంటే చేతికి మెత్తటి ఉండలా తగులుతోంది. పొద్దున లేచేసరికి ఏమీ ఉండదు. మూత్రం పోసుకుని వచ్చిన పావుగంటకే మళ్లీ వస్తున్నట్టుంటుంది. మలబద్ధకం పాతదే. ఎనిమిది నెలల కిందట బీపీకి మాత్ర మొదలుపెట్టారు, ‘అప్పట్నుంచే ఈ పొడిదగ్గు కూడా పట్టుకుంది’ అని ఒక వాక్యం రాసి వదిలేశారు. డాక్టరు చూసి, గర్భసంచీ మూత్రసంచీ రెండూ జారాయి, రెండో దశ, ఇక దానితో పనేముంది తీయించేసుకోండి అన్నారు. తోడికోడలూ అదే మాట. ఆవిడ ఆరేళ్ల కిందటే తీయించుకున్నారు, ‘ఈమధ్య ఆవిడకూ కింద బరువుగా ఉందట, గ్యాస్ అనుకుంటోంది’. యూట్యూబ్‌లో చూసి మూత్రం మధ్యలో ఆపే వ్యాయామం మూడు వారాలు చేశారు, ఫలితం లేదు. భర్తకు చెప్పలేదు. మోకాళ్ల నొప్పుల వంకతో వేరే గదిలో పడుకుంటున్నారు. వచ్చే నెల కూతురు పురిటికి వస్తోంది, కాన్పుకు మూడు నెలలుంది. ఈలోపు ఆపరేషన్ చేయించుకోవాలా? వ్యాయామంతో లోపలికి పోతుందా? ఇది క్యాన్సరవుతుందా? సింహాచలం గిరిప్రదక్షిణ మొక్కుంది, నడవొచ్చా? ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, భయం తీరేది ముందు చెబుతాం. ఇది క్యాన్సర్ కాదు, జారినంత మాత్రాన క్యాన్సరుగా మారదు. ప్రాణం మీదికి వచ్చేదీ కాదు. అయితే ముట్లు ఆగిన తర్వాత ఒక్క చుక్క రక్తం కనిపించినా ఆ వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. దానికీ జారడానికీ సంబంధం ఉన్నా లేకపోయినా సరే.

ఇక ఆ దగ్గు సంగతి. మీరు వదిలేసిన ఆ ఒక్క వాక్యమే మాకు ఉత్తరమంతటిలో ముఖ్యంగా కనిపించింది. బీపీ మాత్రల్లో రామిప్రిల్, ఎనలాప్రిల్ లాగా పేరు చివర ‘ప్రిల్’ అని వచ్చే జాతి ఒకటుంది. కొందరికి వాటితో గొంతులో గరగర, కఫం లేని పొడిదగ్గు పట్టుకుంటుంది. మీ స్ట్రిప్పు వెనక పేరు చూడండి. ఆ జాతిదే అయితే రాసిచ్చిన డాక్టరుకు ఈ దగ్గు గురించి చెప్పండి, దగ్గు తెప్పించని వేరే రకం బీపీ మాత్రలున్నాయి. మీ అంతట మీరు మాత్ర మానేయొద్దు, బీపీ పెరిగితే అది ఇంకో గొడవ. మార్చాక దగ్గు తగ్గడానికి సాధారణంగా ఒకటి నుంచి నాలుగు వారాలు, కొందరికి మూడు నెలల దాకా పడుతుంది. ఆ జాతి మాత్ర కాకపోతే, ఇన్ని నెలల దగ్గుకు కఫం పరీక్షా ఛాతీ ఎక్స్‌రే తీయించుకోవాల్సిందే.

దగ్గు గురించి ఇంతగా ఎందుకు చెబుతున్నామంటే, జారడమంటే పైనుంచి తోసేదానికీ కింద పట్టుకునేదానికీ మధ్య తూకం తప్పడం. ముందువైపు మూత్రసంచి, మధ్యలో గర్భసంచి, వెనక పెద్దపేగు చివర, ఈ మూడింటికీ అడుగున కండరాల ఉయ్యాల ఒకటుంది. ముందు ఎముక నుంచి వెన్ను చివరి ఎముక దాకా పరుచుకుని ఉంటుంది. పైనుంచి తాళ్లలాంటి కట్లు గర్భసంచిని లాగి పట్టుకుంటాయి. కాన్పులో బిడ్డ తల ఆ ఉయ్యాలను సాగదీస్తుంది, కొందరికి ఒక పక్క ఎముక నుంచి ఊడిపోతుంది కూడా. ముట్లు ఆగాక ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గి పొరలు పలచబడతాయి. అందుకే పాతికేళ్ల కిందటి కాన్పు ఫలితం ఇప్పుడు బయటపడింది. ఇక పైనుంచి తోసేవి మూడు: దగ్గు, ముక్కడం, బరువులెత్తడం. మీకు మూడూ ఉన్నాయి. రోజుకు వంద సార్లు దగ్గుతూ పది సార్లు వ్యాయామం చేస్తే లెక్క తేలదు కదా.

రెండో దశ అంటే జారిన భాగంలో అన్నిటికన్నా దిగువన ఉన్న చోటు యోని ద్వారపు అంచుకు ఒక సెంటీమీటరు పైనో ఒక సెంటీమీటరు కిందో ఉందని అర్థం. రెండు కాన్పులైన ఆడవాళ్లలో ఈ మాత్రం జారిన వాళ్లు చాలామంది, వాళ్లలో ఎందరికో ఆ సంగతే తెలియదు. ఈ దశలో వైద్యం మొదలుపెట్టాలా వద్దా అన్నది మీకెంత ఇబ్బందిగా ఉందన్న దాన్నిబట్టి, డాక్టరు కంటికి ఎంత దిగి కనిపించిందన్న దాన్నిబట్టి కాదు.

మీరు చేసిన వ్యాయామం సరైనదే, చేసిన తీరు తప్పు. మూత్రం మధ్యలో ఆపడం కండరం ఎక్కడుందో ఒక్కసారి తెలుసుకోవడానికి పనికొస్తుందేమో గానీ రోజూ చేస్తే మూత్రసంచి పూర్తిగా ఖాళీ కాదు. మీకు ఇప్పటికే ఉన్న ఇబ్బంది అదే. మూడు వారాలకు ఫలితం చూడటం కూడా తొందరే. కనీసం 12 నుంచి 16 వారాలు కావాలి.

ఇలా మొదలుపెట్టండి. వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి, పిరుదుల కింద దిండు పెట్టుకోండి. అలా పడుకుంటే జారింది కాస్త వెనక్కి సర్దుకుంటుంది, కండరానికి దాన్ని మోసే పని తప్పుతుంది. నలుగురిలో గ్యాస్ రాబోతే ఎలా ఆపుకుంటారో అలా మలద్వారం దగ్గర బిగించి, ఆ బిగువును ముందుకూ పైకీ లాగండి. లిఫ్టు తలుపులు మూసుకుని ఒక అంతస్తు పైకెళ్లినట్టు ఉండాలి. ఊపిరి బిగబట్టొద్దు. పిరుదులు, తొడలు బిగుసుకోకూడదు, పొట్ట ఉబ్బకూడదు. సరిగా చేస్తున్నారో లేదో మొదటిరోజే చూసుకోవాలి. శుభ్రంగా కడిగిన వేలు లోపల పెట్టి బిగిస్తే వేలిని పట్టి పైకి లాక్కున్నట్టు తెలియాలి. వేలిని బయటికి నెడుతోందంటే మీరు ముక్కుతున్నారన్నమాట. చాలామంది తెలియకుండా ఇదే చేస్తారు, మేలుకు బదులు కీడవుతుంది. వేలు ఇష్టం లేకపోతే చిన్న అద్దం పెట్టుకుని చూడండి, బిగించినప్పుడు ఆ చోటు లోపలికి పోవాలి.

మొదట మూడు సెకన్లు బిగించి, ఆరు సెకన్లు పూర్తిగా వదలండి. ఎనిమిది సార్లు. ఆ తర్వాత టక్కుటక్కున పది సార్లు. రోజుకు మూడు విడతలు. వారానికో సెకను పెంచుకుంటూ పది సెకన్ల దాకా వెళ్లండి. ఆరో సారికే పట్టు జారిపోతుంటే ఆరుతో ఆపేయండి, అలసిన కండరంతో లెక్క పూర్తి చేస్తే పక్క కండరాలు పని చేస్తాయి. వదలడం కూడా వ్యాయామంలో భాగమే, సగం వదిలి మళ్లీ బిగిస్తే నొప్పులొస్తాయి. నెల తర్వాత కూర్చుని, ఆపైన నిలబడి చేయండి. టీవీ సీరియల్లో ప్రకటనలు వచ్చినప్పుడని పెట్టుకుంటే గుర్తుంటుంది. దగ్గు వస్తోందనిపించగానే, గిన్నె ఎత్తబోయే ముందు, ఒక్కసారి బిగించి ఆపైన దగ్గండి, ఎత్తండి. ఇది అలవాటవడానికి నెల పడుతుంది, అలవాటయ్యాక మనసుకు చెప్పక్కర్లేదు.

లోపలికి పోతుందా అని అడిగారు. నిజం చెప్పాలి. సాగిన కట్లు వ్యాయామంతో మళ్లీ బిగుసుకోవు. రెండో దశ వాళ్లకు బరువు, లాగుడు, మూత్రం ఇబ్బంది తగ్గుతాయి, కొందరికి దశ కాస్త మెరుగవుతుంది. పూర్తిగా మాయమవుతుందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. కుదిరితే ఈ కండరాల పని తెలిసిన ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకటి రెండు సార్లు చేయించి చూసుకోవడం మంచిది.

ఇప్పుడు మీ పిండి పని. నానిన బియ్యం, నీళ్లు కలిపితే మీ ఎనిమిది కిలోలు ఇరవైకి దగ్గరవుతాయి. గ్రైండరు రాయిని చేత్తో ఎత్తి కడిగేవాళ్లయితే తిప్పి వంచే రకం గ్రైండరుకు మారడం మీకు ఏ మందుకన్నా మేలు. పెద్ద గిన్నె ఒకేసారి ఎత్తకుండా నాలుగు లీటర్ల డబ్బాల్లోకి గ్రైండరు దగ్గరే తోడుకోండి. ఎత్తాల్సి వస్తే ఒక కాలు ముందు పెట్టి, మోకాళ్లు వంచి, వస్తువును పొట్టకు ఆనించుకుని, ఊపిరి వదులుతూ లేవండి. ఊపిరి బిగబట్టి లేస్తే ఆ ఒత్తిడి మొత్తం కిందికే దిగుతుంది. ఇరవై లీటర్ల మంచినీళ్ల టిన్ను, నిండు గ్యాస్ సిలిండరు మీరు ముట్టుకోవద్దు. సిలిండరులో గ్యాసే 14.2 కిలోలు, డబ్బాతో కలిసి ముప్ఫైకి వస్తుంది.

నేల మీద పీట వేసుకుని నడుం వంచి పిండి ప్యాకెట్లు కడతారని రాశారు. వెన్ను గూనిగా వంగితే పొట్టలోని బరువు తిన్నగా ద్వారం మీదికి దిగుతుంది. నడుం దగ్గర సహజంగా ఉండే చిన్న వంపు నిలిచి ఉంటే అదే బరువులో కొంత ముందు ఎముక మీదికీ పొట్ట గోడ మీదికీ పోతుంది. అందుకని ఎత్తు బల్ల మీద ప్యాకెట్లు కట్టండి. నిలబడినప్పుడు పిరుదులు లోపలికి ముడుచుకోవద్దు, పొట్ట లోపలికి పీల్చి పట్టుకోవద్దు, రెండు పాదాల మీదా సమంగా నిలబడండి. పొట్ట బెల్టు మాత్రం వద్దు, అది ఒత్తిడిని పైనుంచి కిందికి పిండుతుంది. కూర్చునే నిలబడే తీరుతో సాయంత్రపు బరువు తగ్గుతుంది, జారింది ఎక్కుతుందని మాత్రం అనుకోవద్దు. మధ్యాహ్నం అన్నం తిన్న గంటకు పిరుదుల కింద రెండు దిండ్లు పెట్టుకుని ఇరవై నిమిషాలు పడుకుంటే మీకు ఆ రోజే తేడా తెలుస్తుంది. యోగా చేస్తుంటే కపాలభాతి, కాళ్లూ తలా ఒకేసారి లేపే ఆసనాలు కొన్నాళ్లు ఆపేయండి.

దొడ్డికి వెళ్లినప్పుడు కమోడ్ అయితే పాదాల కింద ఏడెనిమిది అంగుళాల పీట పెట్టి, మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, ముందుకు వంగి, దీపం ఊదినట్టు నెమ్మదిగా గాలి వదలండి. ముక్కొద్దు. ఐదు నిమిషాల్లో రాకపోతే లేచిపోండి. రాత్రి పడుకోవడానికి గంట ముందే ఒక పెద్ద చెంచా ఇసబ్గోల్ పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి తాగి, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగండి. నీళ్లు తక్కువైతే అదే అడ్డం పడుతుంది. మూత్రానికి వెళ్లినప్పుడు అయిపోయిందనిపించాక లేచి నిలబడి, నడుం రెండుసార్లు అటూ ఇటూ ఊపి, మళ్లీ కూర్చోండి. మిగిలింది వస్తుంది. అసలు రాకుండా బిగుసుకుపోతే, మంటతో జ్వరం వస్తే, బయటికొచ్చింది వెనక్కి పోకుండా రంగు మారితే, ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

మీ డాక్టరు చెప్పని దారి ఒకటుంది: పెస్సరీ. మెత్తటి సిలికోన్ రింగు. లోపల పెడితే జారినవాటిని కింది నుంచి ఆనుకుని నిలబెడుతుంది. కొలతలు మిల్లీమీటర్లలో ఉంటాయి, ఒకరిది ఇంకొకరికి పనికిరాదు. డాక్టరు పెట్టాక మీరు నడవాలి, కూర్చోవాలి, దగ్గాలి, మూత్రం పోసి చూడాలి. అది ఉన్నట్టే తెలియకూడదు. నొప్పి పెడితే కొలత పెద్దదైందని, జారి వస్తే చిన్నదైందని అర్థం. రెండు మూడు కొలతలు మార్చడం మామూలే, మొదటిది కుదరలేదని వదిలేయొద్దు. సొంతంగా తీసి కడిగి పెట్టుకోవడం నేర్చుకుంటే వారానికోసారి చాలు, లేదంటే మూడు నుంచి ఆరు నెలలకోసారి ఆసుపత్రిలో తీయించి చూపించుకోవాలి. ప్రమాదమంతా మరిచిపోవడంలోనే. ఏళ్ల తరబడి లోపలే ఉంచేస్తే గోడను ఒరుసుకుని పుండు పడుతుంది. ముట్లు ఆగినవాళ్లకు గోడ పొడిబారకుండా ఈస్ట్రోజెన్ క్రీము కూడా రాస్తారు. విశాఖలో కేజీహెచ్ గైనిక్ ఓపీలోనో, పాత ఊళ్లో ఘోషా ఆసుపత్రిలోనో ‘రింగు పెడతారా’ అని తిన్నగా అడగండి. మీరు అడక్కపోతే ఆ మాట రాకపోవచ్చు.

ఆపరేషన్ వద్దని మేం అనడం లేదు. మూడో నాలుగో దశకు దిగినా, రింగు నిలవకపోయినా అది మంచి దారే. అయితే ‘పనేముంది తీసేద్దాం’ అన్న మాట దగ్గర ఆగండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల్లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద వందకు మూడుంటే ఆంధ్రప్రదేశ్‌లో తొమ్మిదికి దగ్గర. మన దగ్గర ఆ మాట ఎంత తేలిగ్గా నోటికొస్తుందో తెలుస్తోంది కదా. జారింది గర్భసంచి తప్పు వల్ల కాదు, పట్టుకునే కట్లు వదులవడం వల్ల. దాన్ని తీసేసి కట్లను అలాగే వదిలేస్తే, కొన్నేళ్లకు పైన మిగిలిన యోని కొసే కిందికి దిగొచ్చు.

కాబట్టి ఎప్పుడు చేయించుకున్నా సర్జన్‌ను మూడు సంగతులు అడగాలి. గర్భసంచి తీశాక పైకొసను దేనికి కడతారు? మూత్రసంచి వైపు గోడ కూడా సరిచేస్తారా? అండాశయాలు ఉంచుతారా? తీయకుండా పైకి కట్టే పద్ధతులూ ఉన్నాయి. బొంబాయి సర్జన్లు శిరోద్కర్, పురందరే పేర్లతోనే అలాంటి ఆపరేషన్లున్నాయి, అవి ఎక్కువగా పిల్లలు కావాలనుకునే చిన్న వయసు వాళ్లకు చేస్తారు. యోని గుండా వల లాంటి మెష్ పెడతామంటే మాత్రం ఇంకో డాక్టరును అడగండి. జారడానికి అలా పెట్టే మెష్ అమ్మకాన్ని అమెరికా మందుల, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో ఆపేయించింది.

ముహూర్తం సంగతి చూద్దాం. ఇప్పుడు చేయించుకుంటే ఆరు వారాలు ఏ బరువూ ఎత్తకూడదు, పెద్ద బరువులు మూడు నెలల దాకా వద్దంటారు. వచ్చే నెలే కూతురు వస్తోంది, సరిగ్గా ఆ గడువు ముగిసే వేళకు మీ ఇంట్లో పసిబిడ్డ ఉంటుంది, కుట్లు గట్టిపడకముందే మీరు వేణ్నీళ్ల బకెట్లు మోస్తారు. వాయిదా వేస్తే నాలుగైదు నెలల్లో రెండో దశ మించిపోయేదేమీ లేదు. ఇప్పుడు రింగు, వ్యాయామం, దగ్గు సంగతి చూసుకుని, కూతురు అత్తారింటికి వెళ్లాక మళ్లీ చూపించుకుని తేల్చుకోవచ్చు. లేదా, బరువు పనులకు మరొకరు ఖాయంగా ఉంటారు, ఇప్పుడే వదిలించుకుంటాను అనుకుంటే అదీ తప్పు కాదు, కానీ ఆ మనిషి ఎవరో ముందే తేలాలి.

బిడ్డకు స్నానం మన పద్ధతిలో కాళ్లు చాపుకుని, కాళ్ల మీద పడుకోబెట్టి పోస్తారు. గంటసేపు నడుం వంచి కూర్చుంటే మీకు సాయంత్రం తెలుస్తుంది. బల్ల మీద టబ్బు పెట్టి నిలబడి పోయండి, నీళ్లు మరొకరు చెంబుతో అందించాలి. మూడు కిలోల మనవడినో మనవరాలినో ఎత్తుకోవడానికి ఏ అడ్డూ లేదు, ఎత్తుకోండి. మీ కూతురికి కూడా ఈ వ్యాయామం ఇప్పుడే నేర్పండి. కాన్పయ్యాక పొట్ట జారకుండా అని గుడ్డ బిగించి కట్టే ఆచారం ఉంటే దాన్ని మాత్రం మానిపించండి. అప్పటికే సాగిన ఉయ్యాల మీద అది ఇంకాస్త బరువు వేయొచ్చు.

మీ భర్తకు చెప్పకుండా ఇవేవీ నడవవు. సిలిండరు మార్చేదెవరు, టిన్ను ఎత్తేదెవరు? వేరే గదిలో పడుకోవడాన్ని ఆయన ఏమనుకుంటున్నారో మీకూ తెలియదు. ‘గర్భసంచి కాస్త జారిందట, ప్రమాదం లేదట, బరువులెత్తొద్దన్నారు, రేపట్నుంచి టిన్ను మీరే ఎత్తాలి’ అని పనితో మొదలుపెట్టండి. మగవాళ్లకు పని చెబితే మాట తేలిగ్గా ఎక్కుతుంది. మిగతాది ఆ తర్వాత. కలయిక వల్ల ఇది పెరగదు, దెబ్బతినదు. పడుకుంటే జారింది సర్దుకుంటుంది, పొడిగా ఉంటే జెల్ వాడొచ్చు, నడుం కింద దిండు పెట్టుకుంటే సుఖం. రింగు ఉండగా కూడా కుదురుతుంది.

మీ డ్వాక్రా సంఘంలో పది మంది ఉన్నారన్నారు. అందులో ఇద్దరికో ముగ్గురికో ఇదే ఉండొచ్చు, మీలాగే నోరు విప్పరు. అందరి ముందూ చెప్పక్కర్లేదు. నమ్మకమున్న ఒక్కరితో మొదలుపెట్టండి. ముగ్గురైతే చాలు, వ్యాయామం చేశావా అని అడగడానికి, ఆసుపత్రికి తోడు వెళ్లడానికి, ఒకరి మార్కెట్ సంచీ ఒకరు మోయడానికి. మందులూ క్రీములూ పంచుకోవద్దు. ‘నేను తీయించుకున్నాను నువ్వూ తీయించుకో’ అన్న సలహా కూడా.

మొక్కు. నడక వల్ల జారడం పెరగదు, రోజూ అరగంట బీచ్ రోడ్డులో నడిస్తే మంచిదే. కానీ గిరిప్రదక్షిణ 32 కిలోమీటర్లు, రాత్రంతా కాళ్ల మీదే. రింగు కుదిరి, దగ్గు తగ్గి, అంతకుముందు పది కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా నడవగలిగితే, గంటకోసారి పది నిమిషాలు పడుకునే చోటు చూసుకుంటూ వెళ్లండి. కాకపోతే ఈ ఆషాఢానికి దర్శనం చేసుకుని, ప్రదక్షిణ మరో ఏడాది చేస్తానని అప్పన్నకు చెప్పుకోండి.

ఆసుపత్రికి వెళ్లే రోజు మీ తోడికోడల్ని కూడా తీసుకెళ్లండి. ఆవిడది గ్యాస్ కాకపోవచ్చు.